సెకన్ల ముల్లు

పాత బిస్కెట్ల డబ్బాలో సర్దాను:
దూది, గాజుగుడ్డ, అయోడిన్ సీసా,
దారం కట్టిన థర్మామీటరు.
డాక్టరమ్మ నంబరున్న కాగితం ఎలుకలు తిన్నాయి.
అందుకే శాల గోడ మీద బొగ్గుతో
జానెడేసి అంకెలు.

కాలేషా మామ నవ్వినాడు.
"కావలి స్టేషన్ కాడ ముప్పయ్యేళ్లు జట్కా తోలినోణ్ణి,
నాకు డబ్బా ఎందుకు మే? చెవి చాలు."

ముసునూరులో పెళ్లి ఊరేగింపు ముగించుకొచ్చిన రాత్రి
చాందినీ గడ్డి ముట్టలేదు.
ముందు కాలితో నేల గీరింది.
తల తిప్పి తన డొక్క వైపే చూసుకుంది,
అక్కణ్ణించి ఎవరో పిలిచినట్టు.
పెళ్లివారి పిల్లలు జిలేబీలు పెట్టారట, పళ్లేలకు పళ్లేలు.

మామ డొక్కకు చెవి ఆనించాడు.
ఎప్పుడూ అక్కడ దూరంగా గూడ్సు బండి పోతుంటుంది.
ఆ రాత్రి పట్టాలు ఖాళీ.
మామ ఏమీ అనలేదు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

చిగుళ్ల మీద వేలు నొక్కి వదిలాను.
తెల్లమచ్చ.
ఒకటి, రెండు, మూడు,
నాలుగుకి గానీ ఎరుపు తిరిగి రాలేదు.
గోడ చూసి ఫోన్ చేశాను.

"మేత తీసేయండి. దొర్లనియ్యొద్దు. మెల్లగా నడిపించండి."
రైలు గేటు దాకా, మళ్లీ వెనక్కి,
మళ్లీ గేటు దాకా.
మూడింటికి డాక్టరమ్మ వచ్చి ముక్కులోంచి గొట్టం వేసింది.

తెల్లారాక చాందినీ ఇంత లద్ది వేసింది.
నెలవంక కనబడినట్టు
దాని ముందే నిలబడిపోయాడు మామ.

మర్నాడు డబ్బాలో
నేను పెట్టనిదొకటి ఉంది:
మామ చేతి గడియారం.
గంటల ముల్లు ఎప్పుడో ఊడింది.
సెకన్లది తిరుగుతోంది.