నీటిని నల్లగా చేసి

మొదట గేజీ రాయి మీద అంకె చెరిగింది.
ఎడమ కన్ను మూస్తే మూడడుగుల ఏడంగుళాలు,
కుడి కన్ను మూస్తే
కాలవంతా మజ్జిగ.
ముమ్మిడివరం కొట్టువాడు కళ్ళజోడు మార్చాడు.
నెల తిరక్కుండా చూపు తనంతట తనే వచ్చింది.
పోయిన నొప్పిని ఎవరు రిజిస్టర్లో రాస్తారు?

పై ఏడు దాళ్వా నీళ్ళప్పుడు
గట్టు మీద నడుస్తూ చూసుకుంటే ఒక చెప్పు లేదు.
ఎక్కడ జారిందో కాలికి తెలీదు.
ఫర్లాంగు వెనక్కెళ్ళి తూటికాడ పొదలో దొరికించుకుని
మెడ వంచి తొడుక్కుంటే
వెన్నులోంచి జర్రున కరెంటు.

నరాల నీరసం అని ఆర్‌ఎంపీ ఎర్ర సూదులు పది పొడిచాడు.
గాలి సోకిందంది మా అత్త.
లస్కరు పని ఆడదానికెందుకన్నాడు ఓ శివారు రైతు,
తన వంతు నీళ్ళు వదిలేదాకా
నా గుమ్మంలోనే కూర్చుని.

నాన్న పోతే వచ్చిన ఉద్యోగమిది.
ఆయన నేర్పిన పాఠం ఒక్కటే:
చేను ఎండితే చేలో వెతక్కు,
గట్టు పట్టుకుని పైకి నడు.

కాకినాడ డాక్టరు మోకాలి మీద సుత్తితో తట్టి,
అరికాలు గీసి,
"కాళ్ళలో ఏం లేదమ్మా, తలా వెన్నూ చూడాలి" అన్నాడు.
నాన్న మాటే, ఇంకో గొంతులో.

గాజులు, మెట్టెలు, ముక్కుపుడక, పుస్తెలు,
లాకు తాళంచెవి
అన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో.
"నూకరత్నం, ముప్పై నాలుగు. కదలకండి."
గొట్టంలోకి జరిపాక మొదలైంది:
లాకు పళ్ళచక్రం కిటకిట,
కోత మిషను,
రేకుల షెడ్డు మీద ఎవరో కొబ్బరికాయలు దింపుతున్న మోత.
కళ్ళు మూసుకుని తూములు లెక్కపెట్టాను.
పీతల తూము, రేవు తూము, పాస్టరుగారి చేను తూము...
పద్దెనిమిదో తూము దగ్గర ఆపి
చేతికి మందెక్కించి
మళ్ళీ లోపలికి.

"ఈ బొమ్మలో నీటిని నల్లగా చేస్తాం" అన్నాడు డాక్టరు.
"మెదడు నడుమ ఇవి నీటి గదులు.
నీరు మెరుస్తుంటే పక్కన మచ్చ కనపడదు."
నాకు తెలుసు.
వేసవిలో కాలవ కట్టేశాకే కదా
గట్టు పగుళ్ళూ పీత బొరియలూ లెక్కకొచ్చేది.

నల్లటి అంచుకి అడ్డంగా నిలబడ్డ
తెల్లటి వడ్లగింజలు.
మెడ దగ్గర వెన్నులో ఇంకొకటి.

"ఒక్క మచ్చకి నేను పేరు పెట్టను.
మైగ్రేనుకీ వస్తాయి, బీపీకీ వస్తాయి.
వేరే వేరే చోట్ల ఉండాలి,
వేరే వేరే కాలాలవి కావాలి.
ఇదిగో, మందు తాగి మెరిసింది కొత్తది.
మెరవనిది పాతది."

ఒక గండి పడితే ఎలకలంటాం.
సార్వాలో ఒకచోట, దాళ్వాలో మూడుచోట్ల పడితే
ఏఈ గారికి కాగితం పెడతాం.

"కరెంటు తీగ మీద తొడుగు ఊడినట్టు" అన్నాడు.
"ఎవరు ఊడదీస్తున్నారు సార్?"
"నీ ఒంట్లో కాపలావాళ్ళే."

గట్టు కాసేవాడే గట్టు తవ్వుతాడన్న మాట
లస్కరుతో అనొచ్చా ఎవరైనా!

పేరు చెప్పాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్.
రెండుసార్లు చెప్పించుకున్నాను.
రెండేళ్ళు నాతో పేరు లేకుండా తిరిగింది పాపం.
"తెగింది పూర్తిగా పూడ్చలేం,
కొత్తగా తెగకుండా చూసే మందుంది."
సరే. జీతానికి నేను చేసేదీ అదే.

ఎదుర్లంక వంతెన మీద
ఫిల్ము తీసి కిటికీకి ఆనించాను.
నా తలలోంచి గౌతమి పారుతోంది,
నల్లగా కాదు, మట్టి రంగులో.
"ఎవరిదమ్మా?" అంది పక్క సీటావిడ.
"మా కాలవ మ్యాపు" అన్నాను.

పొద్దున్నే చెప్పులకి వెనక వారు కుట్టించుకుని గట్టెక్కాను.
నీటి మట్టం మూడు అడుగుల తొమ్మిది.
ఎప్పుడూ ఖాళీగా ఉండే పరిశీలనల గడిలో రాశాను:
ఎడమ కాలికి తడి తెలుస్తోంది,
చలి తెలియటం లేదు.

తర్వాత కొట్టేశాను.
అది ప్రభుత్వం వారి పుస్తకం.