మైకు ఆఫ్ చేయలేదు

పెండ్లికి పదిహేనొందలు, చావుకు ఎనిమిదొందలు.
వాతావరణం మీద ఉపన్యాసానికి ఎంత తీసుకోవల్లో
నా రేట్ల కాగితంలో లేదు.
ఐదొందలకు ఒప్పుకొని
కంబదూరు బడి వసారాలో రెండు బాక్సులు దించితి.

కల్యాణదుర్గం కాలేజీ నుంచి వచ్చింది షంషాద్ మేడమ్.
తెల్లగుడ్డ మీద ఒక గీత చూపిచ్చింది,
ఎర్రగా, పైపైకి పోతా ఉండేది.
మా ఊర్లో అట్ల ఎక్కేది వడ్డీ ఒకటేనని
ఎవరో అనేసినారు. అందరూ నవ్విరి.
మేడమ్ కూడా నవ్వింది గాని
ఆ నవ్వు కింద గొంతు వణికింది నాకు తెలిసిపాయె.
ముప్పై ఏండ్లుగా గొంతులే గదా నా పంట.
వాగ్దానం యాడ పలచనైతాదో
ఏడుపు యాడ మొదలైతాదో
మనిషి కన్నా ముందు బాక్సు చెప్తాది.

"ఒకటిన్నర డిగ్రీ" అనింది.
"మా బోరు పోయినేడు నూరడుగులు దిగిండాది,
ఒకటిన్నరకే ఇంత రచ్చేలమ్మా?"
వెనకాల సుంకులక్క.

అంతలో కరెంటు పాయె. గీత పాయె.
ఐదొందలకు జనరేటర్ యాడొస్తాది?
మైకు మాత్రం నా బ్యాటరీ మీద బతికుండాది.
మేడమ్ కాగితాలు మడిచి, దిగొచ్చి
దాన్ని సుంకులక్క చేతిలో పెట్టింది.
పాలు తాగనని మొండికేసిన మేకపిల్లను పట్టినట్ల
పట్టుకొని, అక్క చెప్పబట్టె:

"కొలతకేమి, కురిసిండేది కురిసింది.
ఒకే రాత్రి. గట్లు తెంపుకొని పాయె.
ఆరుద్రలో యిత్తనం పడల్ల,
ఆరుద్ర వట్టిగా పాయె.
శెనక్కాయ ఊడ దిగే పొద్దు నేల రాయి,
పెరికే పొద్దు బురద.
కాయలు చెట్టుకే మొలకెత్తె.
వాన వచ్చింది తల్లీ, అదను రాలేదు.
మీ గీతలో అదను యాడుందో చూపీ."

మేడమ్ చూపలేదు.
ఫోన్ వెలుతుర్లో పెన్ను వెతుక్కొని
అట్ట మీద రాసుకునె: అదను.
"మళ్ళా చెప్పక్కా, అది ఏ యేడు?"

ఇంక మైకు చేతులు మారబట్టె.
గొర్రెల వన్నూరప్ప గడ్డి పేర్లు చెప్పె,
ఇప్పుడు మొలవనివి, పదకొండు.
ఒక పిల్లోడు హలో హలో అని పారిపాయె.
కరెంటొచ్చి గీత మళ్ళా వెలిగింది గాని
ఎవరూ అటు తిరగలేదు.

అందరూ పోయినాక వైర్లు చుడతా ఉంటి.
బాక్సుల్లో ఏందో గురగుర.
బెంచీ మీద మైకు, ఆఫ్ చేయలేదు.
గాలి.
వాల్యూమ్ పెంచి కొంచేపు విన్నా.
మోడాల్ని తోలుకొని పోయే ఆషాఢం గొంతు,
నాకు బాగా తెలిసిన గొంతే,
వచ్చిన నెలే తప్పు.