గంటకి ఇరవై నిమిషాలు

ఫారంలో ఆరో గడి:
మీ ఇబ్బందిని రెండు వాక్యాల్లో వివరించండి.
రెండు వాక్యాల్లో ఒదిగేదయితే
అది ఇబ్బంది ఎందుకవుతుందండీ?

నేను రాసింది ఇదీ:
మా క్లాసులో ఫ్యాను మూడో రెక్క
తిరిగినప్పుడల్లా టక్కుమంటుంది.
మిగతా యాభైమందికీ పాఠం వినబడుతుంది,
నాకు టక్కు వినబడుతుంది.

గడి నిండిపోయింది.
అంచున ఖాళీలో, నిలువుగా తిప్పి, ఇంకా రాశాను:
శనివారం ఇంటికెళ్లే బస్సులో
జొన్నాడ వంతెన స్తంభాలు లెక్కపెట్టాను,
లెక్క తప్పి, కళ్లు మూసుకుని మళ్లీ మొదలెట్టాను,
రావులపాలెంలో దిగాల్సినదాన్ని
సిద్ధాంతంలో కళ్లు తెరిచాను.

కిటికీ అవతల సుభాషిణి మేడం
కళ్లజోడు పైకి తోసుకుంది.
"ఈ కథలన్నీ ఎందుకమ్మా, శాతం ఎంత?"

ముప్ఫై ఆరు.
కాకినాడ పెద్దాసుపత్రికి మూడుసార్లు తిరిగితే వచ్చిన అంకె.
డాక్టరు మంచాయనే.
నా మొహంలోకి చూసి మాట్లాడమ్మా అన్నాడు.
ఆయన జేబులో పెన్ను క్లిప్పు వంకరగా ఉంది,
నేను దానితో మాట్లాడాను.

నలభై ఉంటే స్కాలర్‌షిప్పు,
నలభై ఉంటే పరీక్షలో
గంటకి ఇరవై నిమిషాలు అదనం.
అంటే ఇంకో నాలుగు శాతం
కష్టపడి రావాలన్నమాట.

మర్నాడు నాన్న వచ్చాడు,
లొల్ల లాకుల మీద డ్యూటీ దిగి
ఖాకీ చొక్కాతోనే.
మోచేతికి గేరు గ్రీజు.
కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"స్కేలు నేనూ చదువుతానండి, రోజూ ఆరింటికి.
కాలవలో నీరెంతుందో స్కేలు చెప్పుద్ది,
మడి తడిసిందో లేదో దానికేం తెలుసండి?

దాళ్వాలో వంతులేస్తాం.
తూము పక్కనున్న చేనుకి ఒక పూట సరిపోద్ది.
శివారు చేనుకీ అదే పూటిచ్చారనుకోండి,
బోదె తడిసేలోపే గేటు దించేత్తాం.
నీరందరికీ సమానంగానే ఇచ్చినట్టు
పుస్తకంలో ఉంటది.
చేను మాత్రం నెర్రెలిచ్చి ఉంటది.

మా సువార్తకి నీరెక్కువ పొయ్యమనట్లేదండి.
గేటు కాసేపు ఎత్తుంచమంటున్నాను. ఆయ్."

మేడం ఏమీ అనలేదు.
నా ఫారం ఇటు తిప్పి
అంచున నిలువుగా రాసింది
మెడ వంచి చదువుకుంది.
జొన్నాడ వంతెన దగ్గర కొంచెం ఆగినట్టుంది.
తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది,
తిరిగి పరీక్ష చేయించమని అప్పీలు.
"దీనికీ ఆఖరి తేదీ ఉంది, మర్చిపోకు."

మర్చిపోయేవాళ్లకి సాయం చేసే కాగితం
మర్చిపోకుండా తెచ్చివ్వాలి.
నాకు నవ్వొచ్చింది,
నవ్వకూడని చోట, ఎప్పటిలాగే.

పెద్ద పరీక్షల సంగతి ఇంకా తేలలేదు.
హాస్టలు బాకీ పదకొండు వేలూ అలాగే ఉంది.
ఇంటర్నల్స్ మన చేతిలోవే కదా
అన్నారు క్రీస్తురాజు సార్.

ఆవేళ గంట కొట్టారు.
బెంచీలు గీరుకుంటూ యాభైమందీ వెళ్లారు,
వరండాలో చెప్పుల చప్పుడు వెళ్లింది,
సార్ లేచి ఫ్యాను కట్టేశారు.

మూడో రెక్క ఆగడం చూశాను.
చెమట పట్టింది. పట్టనీ.
నాలుగో ప్రశ్న నాకు రాదనుకున్నాను,
వచ్చు.
ఎప్పట్నించో వచ్చు.
అది నా దాకా రావడానికే
అంతసేపు పట్టింది.

ఆదివారం లాకుల గదికి కేరేజీ పట్టుకెళ్తే
మేకుకి వేలాడుతున్న రిజిస్టరు తిరగేశాను.
తేదీ, టైము, పైన నీరెంత, కింద నీరెంత.
ఎప్పుడూ అంకెలు తప్ప ఏమీ రాయని నాన్న
మూడ్రోజులుగా చివరి గడిలో
పెన్సిలుతో, గుండ్రంగా:

పాప కాగితం. ఇంకా పన్నెండు రోజులు.
పాప కాగితం. ఇంకా పదకొండు.
పాప కాగితం. పది.