తిరుగు తర్జుమా

మొదటి ప్రశ్న పట్నం నుంచి వచ్చింది,
ఇస్త్రీ చొక్కా వేసుకొని:
"గడచిన రెండు వారాలలో మీరు విషాదమునకు లోనైనారా?"
హొన్నూరమ్మ శెనిక్కాయలు ఒలుస్తా అడిగింది,
"విషాదమంటే యా ఊరు పాపా?"

పొద్దున్నే కంబదూరు బస్సు దిగినదాన్ని,
సంచిలో నలభై ఫారాలు, నీళ్ళ సీసా, ఒక రబ్బరు.
ఇవే తొమ్మిది ప్రశ్నలు
సముద్రాల అవతల గూడా అడుగుతా ఉన్నారంట,
మంచు కురిసే ఊర్ల లెక్క పక్కన
మా ఊరి లెక్క పెట్టి చూస్తారంట.

రెండు వారాలంటే ఆమెకు కుదర్లేదు.
"కాయ పీకినాకనా, పీకకముందా?"
నిద్ర?
"చీనీతోటకు కరెంటు రాత్రి రెండింటికి ఇడుస్తారు,
నీళ్ళు కట్టేది నేనే. యాడ పండుకునేది?"
ఆకలి?
"శనివారం ఒక్కపొద్దు. తక్కిన దినాలు సంగటి మిగిల్తే."
ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలీక
రెండు గళ్ళ నడిమి గీత మీద పెట్టినా.

"మామూలుగా మీకు సంతోషాన్నిచ్చే పనులపై ఆసక్తి తగ్గిందా?"
పొట్టు ఊదేది ఆపింది.
"సంతోషానికని చేసే పని ఒగటుంటాదా?"
ఎగతాళి గాదు, నిజంగానే అడిగింది.
బీయే చదివినదాన్ని, చెప్పలేకపోయినా.

కాసేపటికి తనే,
కడుపుకు రవ్వంత పైన వేలు పెట్టి,
"ఈడ బేజారు" అనింది.
"దిగులైతే ఏడిస్తే పోతాది.
ఇది కూసోనుంటాది,
చెప్పులిడిసి లోపలికొచ్చిన చుట్టం మాదిరి."

రాసుకున్నా. బేజారు.
మా దిక్కు బడికి పోని బిడ్డకు గూడా తెలిసిన మాట.

మా పనిలో ఒక పద్ధతుంది:
నేను తెలుగులో రాసిందాన్ని
నన్నెప్పుడూ చూడని ఒకాయన మళ్ళీ ఇంగ్లీషు చేస్తాడు.
పోయిన మాటా తిరిగొచ్చిన మాటా ఒకటే అయితే
ప్రశ్న ఆరోగ్యంగా ఉన్నట్టు.
బేజారు పోయింది.
'బోర్ కొట్టడం' అయి తిరిగొచ్చింది.

నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
నిజమే కదా సార్, బోరే.
మొదటిది నూటయాభై అడుగులు, తర్వాతది నాలుగొందలు.
ఐదోది కమ్మలమ్మి. ఏడోది వడ్డీకి.
ఏడో దాంట్లో లేచింది తెల్లటి రాతిపొడి.
లారీ పోయినాక గూడా ఆమె పెనిమిటి ఎర్రిస్వామి
అట్లే నిలబడే ఉన్న్యాడంట,
మీసాలతో సహా తెల్లగా.

మీటింగులో తేల్చినారు:
"ఆ మాట స్థానికం. ప్రశ్నలో వద్దు, ఫుట్‌నోటులో పెట్టండి."
పేజీ అడుగున, చీమంత అక్షరాల్లో పెట్టినారు.
అంత లోతుకు ఎవరు తవ్వుతారు?

తొమ్మిదో ప్రశ్న చదివేటప్పుడు
గొంతు మార్చకూడదని శిక్షణలో చెప్పినారు,
ఆకలి అడిగినట్టే చావునూ అడగాలని.
అట్లే అడిగినా.
హొన్నూరమ్మ చేట కింద పెట్టింది.
గోడ మీది ఫొటో వైపు చూళ్ళేదు,
నా చేతిలో కాయితం వైపు చూసింది.
"ఈ ప్రశ్న పోయినేడు తెచ్చింటే బాగుండు పాపా.
ఆయప్ప ఎవురన్నా అడిగితేనే మాట్లాడేటోడు."

దానికి గడి లేదు.
"మరి మీకు?" అన్నా, గొంతు మారింది.
"రాసుకో. కొన్ని దినాలు" అనింది,
అప్పటికి ఫారం భాష ఆమెకు వచ్చేసింది.

కల్యాణదుర్గం ఆసుపత్రి చీటీ ఇచ్చినా,
మంగళవారం డాక్టరొస్తాడని, నేనూ వస్తానని.
చీటీ మడిచి రైక లోపల పెట్టుకుంది.

"కూడితే ఎంతొచ్చింది?"
"పదహారు."
"ఎంతకి?"
"ఇరవై ఏడుకి."
వేళ్ళు మడిచి లెక్కేసుకుంది.
"మా పిల్లకు లెక్కల్లో ఇంతకన్నా తక్కువే.
అయినా పాసైంది" అని
దోసెడు కాయలు నా సంచిలో పోసింది,
ఫారాల మీదనే.