ఏటి తింటావు

పెద్దాసుపత్రి ల్యాబులో
రక్తం సీసాల మీద పేర్లు అంటిస్తూ
ఝాన్సీ అడిగింది:
"అక్కా, ఆదివారం ఒకర్ని కలవాలి.
ఎక్కడికి రమ్మనను?"

ఒలే, శ్రీకాకుళంలో చోటు వెతకడమంటే
రుచి వెతకడం కాదు.
ఏ చుట్టం ఏ కౌంటర్లో కూర్చుంటాడో
ముందు కనుక్కోవడం.
డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర
ఏసీ హోటల్లో మూలబల్ల బాగుంటుందంటారు.
బాగుంటుంది.
కానీ ఆ మసక దీపాల కింద
మనిషి ముఖం సగమే కనబడుతుంది.
మిగతా సగం మనం పూరించుకుంటాం,
అదీ మనకి నచ్చినట్టు.

మొదటిసారికి వెలుతురున్న చోటు.
ఏడు రోడ్ల కూడలి వెనక టిఫిన్ హోటలు,
గ్లాసులు ఠంగుమని పెడతారే, అది.
నీతో ఏం మాట్లాడాడన్నది తర్వాత.
బల్ల తుడిచే గుంటడు నీళ్లు ఒలకబోస్తే
వాడికేసి ఎలా చూశాడో, అది చూడు.
అట్టు చల్లారిపోయినా పరవాలేదు.

కాదనడానికే వెళ్తుంటే టీ బడ్డీ.
నిలబడి తాగే చోట కాదనడం తేలిక.
బిల్లు కోసం ఎదురుచూడక్కర్లేదు,
కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు
ఇద్దరిలో ఎవరికీ గుర్తుండిపోదు.
నాకొక చప్పుడు గుర్తుంది.
అది వదిలెయ్.

అవుననడానికైతే ఎక్కడైనా ఒకటే.
నాగావళి వంతెన మీద
ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పొట్లం చాలు.
కింద ఇసకే ఉన్నా
నీళ్లున్నట్టే మాట్లాడుకుంటారు.

బారా?
నవ్వకు, వెళ్లాను. ఒక్కసారి.
విజయనగరం, స్టేషన్ రోడ్డు, మేడ మీద
ఫ్యామిలీ సెక్షన్.
కర్టెన్లకి నిన్నటి మసాలా వాసన.
ఫ్యామిలీలేవీ లేవు.
నేనూ, అతనూ, గోడ మీద జలపాతం బొమ్మ.
మంచివాడే. బ్యాంకు ఉద్యోగం.
ఎర్ర పెన్నుకి వేరే జేబు.
వెయిటరు వంగి "మేడమ్ గారికి?" అన్నాడు.
నేను నోరు తెరిచేలోపు
"స్ప్రైట్" అన్నాడు అతను.

నాకు స్ప్రైట్ ఇష్టమే.
అదే చిక్కు.
ఇష్టమైనదే తెప్పించాడు కదా అని
నాలుగేళ్లు తాగాను.

తవిటినాయుడి సంగతి నీకు చెప్పలేదు.
ఆమదాలవలస రోడ్డులో ఒక మెస్సు.
మధ్యాహ్నం మూడు దాటిపోయింది.
అంబులెన్సు ఆపి, దిగి,
చేతులు రెండుసార్లు కడుక్కొని
ఎదురుగా కూర్చుని
"ఏటి తింటావు?" అన్నాడు.
అప్పటికి మిగిలింది సాంబారన్నం ఒక్కటే.
అతనికీ తెలుసు, నాకూ తెలుసు,
గరిటె పట్టుకుని నిలబడ్డ పైడమ్మకీ తెలుసు.
అయినా అడిగాడు.
అడిగి, ఊరుకున్నాడు.

నేను చాలాసేపు ఆలోచించాను.
బోర్డు మీద సుద్దతో రాసి కొట్టేసినవన్నీ
ఒక్కొక్కటే చదివాను:
గుత్తొంకాయ, రొయ్యల ఇగురు, చేపల పులుసు.
"బేగి చెప్పమ్మా" అని పైడమ్మ అనలేదు.
"సాంబారన్నం" అన్నాను,
ఊళ్లో ఎవరికీ తెలీని వంటేదో
కనిపెట్టినట్టు.

ఇంత చెప్పానా,
సోమవారం వచ్చింది ఝాన్సీ.
"ఎక్కడికెళ్లారే?"
"సూర్యమహల్ దగ్గర ఐస్‌క్రీమ్ షాపుకి."
"ఓసి నీ! అక్కడ కౌంటర్లో ఉండేది మా బావే!"
"తెలుసక్కా. రెండు గ్లాసుల నీళ్లు పెట్టి
గోడకేసి తిరిగి కూర్చున్నారు.
మేం లేచేదాకా క్యాలెండరే చూశారు."

సరే, మరి ఆ గుంటడు?

సీసా తిప్పుతూ కాసేపు మాట్లాడలేదు.
"చెంచా కింద పడితే వంగి తీశాడక్కా."
నీదా?
"కాదు. పక్క బల్ల ముసలాయనది."

పేరు వంకరగా అంటించింది.
చూశాను.
ఏమీ అనలేదు.