ఎగ్జిబిట్ ఒకటి

కిసుములో సోమవారం. ముప్పై కేసులు.
ఒక్కోదానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు.

"ఒచుకా! నడిరోడ్డు మీద చెరకు బండి,
ఇరవై నిమిషాలు రాకపోకలు బంద్. ఒప్పుకుంటావా?"
"బండి ఆగింది నిజమేనమ్మా.
ఆపింది నేను కాదు, ఇరుసు."

మేజిస్ట్రేటు కలం కాస్త తటపటాయించింది.
వెనక హారన్ కొట్టిన కార్లలో
తనదీ ఒకటని ఆమె చెప్పలేదు.

వెయ్యి షిల్లింగులు, లేదా రెండు రోజులు.
అతను జేబులు తడుముకుంటూండగానే
తర్వాతి పేరు పిలిచారు.

సాయంత్రం కోర్టు గేటుకి అడ్డంగా
సాక్ష్యానికి తెచ్చిన బండి, ఓ పక్కకి ఒరిగి, చీమలు పట్టి.
గుమాస్తా, ఇద్దరు పోలీసులు,
చెప్పులు చేతబట్టుకుని ఆమె,
తోస్తున్నారు. కదలదు.

లాకప్ కిటికీలోంచి ఒచుకా కేకేశాడు:
"ఎడమ చక్రం ఎత్తి పట్టండమ్మా,
ముందు ఎడమది!"