ముసురులో నెర్రెలు

బెటాన్సోస్‌లో మూడు రోజులుగా ముసురు.
మా కొట్టు గోడలకి చెమట.
ఇలాంటి గాలిలో రంగు పగలదని
సబేలా ముందే చెప్పింది ఎలాడియోకి.
ఆయన విననట్టే
సరికొత్త పైన్ చెక్క పెట్టెని బల్ల మీద దించాడు.
మేకుల తలలు ఇంకా మెరుస్తున్నాయి,
ధర చీటీ కూడా పీకలేదు.

"మా అమ్మ పెట్టె ఇలా ఉండేది" అని
బల్ల మీది రంపపు పొట్టులో
వేలితో గీసి చూపించాడు.
ఇక్కడో పెద్ద బీట, ఇక్కడ సన్నవి,
తాళం చుట్టూ కోడికాళ్లలా.
అసలుది ఏరు పొంగినప్పుడు పోయిందట.
ఆ గీతలు చెదురుతాయేమోనని
నేను ఊపిరి బిగబట్టి నించున్నాను.

సబేలా నవ్వింది.
"గీతలు నేను వెయ్యను ఎలాడియో,
అవే పడతాయి.
నేను పోట్లాట పెడతానంతే."

అడుగున ఎర్రమట్టి రంగు, రాత్రంతా ఆరాలి.
తెల్లారాక జిగురు,
వేడినీళ్లలో గిన్నె దించి కాచినది,
కాగేటప్పుడు కబేళా వాసన,
ఆరాక ఏమీ ఎరగనట్టు ఉంటుంది.
మందంగా పూస్తే బీటలు వెడల్పు,
పలచగా పూస్తే వెంట్రుకలు.
అది ఆరీ ఆరని వేళ,
వేలికి అంటుకుని వదిలే వేళ,
పైన పాలరంగు. ఒక్క చేత్తో.
పోయిన దారిన కుంచె మళ్లీ పోకూడదు.
మొదటి నెలంతా నా చెయ్యి
దిద్దుదామని వెనక్కే లాగేది.
మా ఇంట్లో నాలుగు పళ్లాలున్నాయి,
నాలుగూ బురద ముద్దలే.

పైది తొందరపడాలి,
కిందది ఇంకా కదులుతూ ఉండాలి.
ఆ రోజు పైది తొందరపడలేదు.
గంట. రెండు గంటలు.
హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని నా మణికట్టు పీకింది.
పెట్టె మీగడలా నున్నగా, మొండిగా.
సబేలా సిగరెట్టుకని వాకిట్లోకి వెళ్లింది,
నేను వైరు చిక్కు తీస్తున్నాను,
ఎనభై మూడేళ్ల ఎలాడియో
పిల్లాడిలా, ఎవరూ చూడకుండా,
బొటనవేలు ఆనించాడు.

అప్పుడు పగిలింది.
చప్పుడు లేదు. ఉంటుందని ఎందుకో అనుకుంటాం.
మూల నుంచి ఒక దారం పాకింది,
దాన్నుంచి ఇంకోటి,
పోటు దిగిన రేవులో బురద విచ్చుకున్నట్టు
మూత నిండా ఎర్రెర్రని నెర్రెలు.
ఆయన గీసిన వాటిల్లో ఒక్కటీ లేదు.
తాళం దగ్గర కోడికాళ్లు రావలసిన చోట
బొటనవేలి ముద్ర, సుళ్లు సుళ్లుగా.

"పాడు చేశాను" అన్నాడు.
నేను కుంచె అందుకున్నాను.
"ముట్టుకోకు, అంతీయా"
గుమ్మంలోంచే అరిచింది సబేలా.

మర్నాడు ముదురు మైనం పెట్టి గుడ్డతో రుద్దాం.
నెర్రెల్లోకి దిగినట్టే ముద్రలోకీ దిగింది.
వందేళ్ల వయసు, నలభై యూరోలు.
ఎలాడియో డబ్బు లెక్కపెడుతూ ఆగి
మూత తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.
"అమ్మది కిర్రుమనేది."
"బందులకి నూనె పెట్టకండి,
రెండు చలికాలాలు చూడండి" అంది సబేలా,
"అది నా చేతిలో లేదు."

గొడుగు పెట్టె మీద పట్టి
తను తడుస్తూ వెళ్లిపోయాడు.
బల్ల మీద పొట్టులో ఆయన గీసిన గీతలు
అలాగే ఉన్నాయి.
ఊడవమని సబేలా అనలేదు.
సాయంత్రం నేనే ఊడ్చాను,
కుర్చీ ఒకటి వచ్చింది, బల్ల కావాలి.